స్నానపుగదిలో టైల్సు సందుల సంరక్షణ



మన పెద్దల కాలమున స్నానమునకు ప్రత్యేకమైన గది అన్ని యిండ్లలోను ఉండెడిది కాదు. పెరటిలో నూతి దగ్గర ఒక వెడల్పాటి రాతిబండ, ప్రక్కన నీళ్ళ కాగు, చుట్టును తడిక, ఇదియే స్నానగృహము. ఒంటిమీదినుండి జారిన నీరు చిన్న కాలువగా పోయి అరటిపాదులలో ఇంకెడిది. పగటి యెండకు బండ మధ్యాహ్నమునకెల్ల పొడిగా ఆరెడిది. ఆ యేర్పాటులో సౌకర్యము తక్కువయే. కాని నీటివలన ఇంటికి భయము లేదు.

నేడు స్నానపుగది పడకగది ప్రక్కకు వచ్చినది. మేడపై మేడ కట్టుకొనుచున్న పట్టణములలో ఒకరి స్నానపుగది మరియొకరి వంటయింటి కప్పుపై ఉన్నది. గోడలకు నిలువెత్తున నున్నని టైల్సు, తలపైన షవరు, గదిలో ఎండ చొరబడుటకు వీలులేని చిన్న కిటికీ, ఇది నేటి పద్ధతి. ఒకప్పుడు నేల మింగిన నీటిని నేడు రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుగల సన్నని గీతలు అడ్డగించవలసి వచ్చినది. టైలుకును టైలుకును నడుమ సందులో నింపిన ఆ ముద్దనే మేస్త్రీలు గ్రౌటు అనుచున్నారు. కొత్తగా కట్టిన గదిలో ఆ గ్రౌటును ఎట్లు శుభ్రపరచవలెనో, ఎప్పుడు, ఏ విధమున దానికి రక్షణపూత పూయవలెనో నేడు మనము విచారింతము.

టైలు కాల్చిన మట్టి. దాని ముఖమున గాజువంటి పూత ఉండుటచే నీరు దానిలోనికి ఇంకదు. గ్రౌటు అట్టిది కాదు. సిమెంటు, సన్నని ఇసుక, రంగు, నీరు కలిపిన ముద్ద అది. గట్టిపడిన తర్వాతకూడ దానియందు కంటికి కనపడని సూక్ష్మరంధ్రములు అసంఖ్యాకముగా ఉండును. దీపపు వత్తి నూనెను పైకి లాగుకొనునట్లు ఈ రంధ్రములు నీటిని లోనికి లాగుకొనును. నీటితోపాటు సబ్బుజిడ్డు, నలుగుపిండి, తలనూనె, కుంకుడురసపు రంగు లోనికి చేరును. గోడలో విశాలభాగము టైలే ఐనను, గది పాతబడినట్లు కనిపించునది మొదట సందులలోనే.

సిమెంటు మనకు రాకపూర్వము మన పనివారు సున్నమును ఇసుకతో కలిపి గానుగలో నూరి, దానితో గచ్చు చేసెడివారు. నేడు మనము వాడు పోర్ట్‌లాండు సిమెంటునకు ఇంగ్లాండులో జోసెఫ్ ఆస్పిడిన్ అను తాపీపనివాడు 1824లో పేటెంటు పొందెను. గానుగ సున్నమునకును సిమెంటునకును ఒక పోలిక కలదు. రెండును నెమ్మదిగా గట్టిపడు వస్తువులే. గచ్చు నేలకు ఎన్నాళ్ళు తడి పెట్టవలెనో పాతకాలపు గృహస్థులకు బాగుగా తెలియును. సిమెంటు ఒక్క రాత్రిలో రాయివలె కనిపించుటచే మనము మోసపోవుచున్నాము. అది గట్టిపడినట్లు కనిపించుట వేరు, నిజముగా గట్టిపడుట వేరు.

సిమెంటు ఎండుటవలన గట్టిపడదు. నీటితో కలిసి రసాయనికముగా మార్పుచెందుటవలన గట్టిపడును. ఈ మార్పునకు దినములు పట్టును. మొదటి వారములో దాని బలమున సుమారు మూడింట రెండు వంతులు వచ్చును. మిగిలినదానిలో అధికభాగము వచ్చుటకు 28 రోజులు పట్టునని ఇంజనీర్లు లెక్కించుచున్నారు. ఆలోపల నీరు ఆవిరియై పోయినచో మార్పు నడుమ ఆగిపోవును. గ్రౌటు వ్రేలితో రాచిన పొడిగా రాలును. మన వేసవిలో, ముఖ్యముగా రాయలసీమ, తెలంగాణ ప్రాంతముల వడగాడ్పులలో ఈ ప్రమాదము మెండు. కావున సందులు నింపిన మరునాటినుండి రెండు మూడు దినములపాటు శుభ్రమైన నీటిని సన్నగా చిలకరించియో, తడిగుడ్డ కప్పియో చెమ్మ నిలుపవలెను. వానకాలమున కోస్తా గ్రామములలో సమస్య తలక్రిందులుగా ఉండును. అచ్చట తడి ఆరుటయే కష్టము; కావున పూత పూయుటకు అధికదినములు ఆగవలెను.

ఇచ్చట మన ఇండ్లలో తరచుగా జరుగు ఒక పొరపాటును చెప్పవలసియున్నది. ఇల్లు కట్టించువారికి గృహప్రవేశ ముహూర్తము ముందే నిర్ణయమై యుండును. శుభలేఖలు పంచబడును, బంధువులు రైలు టిక్కెట్లు కొనుక్కొందురు. ఇంటి పనులలో స్నానపుగది పని తుదకు మిగులును. ముహూర్తమునకు నాలుగు దినములుండగా సందులు నింపుదురు. రెండు దినములుండగా ఒక డబ్బా యాసిడ్ తెప్పించి టైల్సును తళతళలాడునట్లు కడిగింతురు. ఆ దినమున గది అద్దమువలె మెరయును. ఆరు నెలలు తిరుగకముందే సందులు గుంటలు పడి, నల్లబడి, మేస్త్రీ పనివానితనమును నిందించుట మొదలగును. లోపము మేస్త్రీదియే కానక్కరలేదు. కాలమునిచ్చుటయందు మన పాత్రయు కలదు.

ముహూర్తమును మార్చుకొనుమని మేము చెప్పుట లేదు. పాలు పొంగించుటకు స్నానపుగదితో పనిలేదు. ఇంటిలో రెండు స్నానపుగదులున్నచో ముందుగా ముగిసినదానిని వాడుకొని, రెండవదానికి తాళము వేసి దాని దినములు దానికి ఇయ్యవచ్చును. ఒకటే యున్నచో షవరును కట్టివేసి, బకెటుతో నేలమీద మాత్రము నీరు పడునట్లు కొన్నాళ్ళు జాగ్రత్తపడవచ్చును. సిమెంటు పంచాంగము చూడదు కదా.

ఇక శుభ్రపరచుటను గురించి. శుభ్రపరచుట సందులు నింపిన దినముననే ప్రారంభము కావలెను. ముద్ద కలుపునప్పుడు నీరు ఎక్కువైనచో పని సులువగును. గ్రౌటు మాత్రము బలహీనమగును, రంగు మచ్చలు మచ్చలుగా తేలును. కలిపిన ముద్దను ఐదు పది నిమిషములు కదపక ఉంచి, మరల నీరు పోయక కలిపి వాడవలెను. రబ్బరు పలకతో సందులకు ఐమూలగా నొక్కి నింపిన తర్వాత పదిహేను నిమిషములనుండి అరగంటవరకు ఆగి, బాగుగా పిండిన స్పాంజితో టైల్సు ముఖమును తుడువవలెను. ఈ తుడుపుకూడ సందు వెంబడి కాక ఐమూలగానే సాగవలెను. లేనిచో స్పాంజి సందులోని ముద్దను తోడుకొనిపోవును. రెండు బకెట్ల నీరు దగ్గర ఉంచుకొని, ఒకదానిలో మొదట జాడించి, రెండవదానిలో మరల జాడించి వాడుట మంచిది. మురికినీటితో తుడిచినచో తీసిన సిమెంటునే తిరిగి పూసినవారమగుదుము.

రెండు మూడు గంటలు గడచిన పిమ్మట టైల్సుమీద పలుచని తెల్లని పొర తేలును. దీనిని ఆ పూటనే పొడి నూలుగుడ్డతో రుద్దినచో సులభముగా పోవును. ఈ పది నిమిషముల పనిని ఆనాడు చేయకపోవుటచేతనే తర్వాత యాసిడ్ అవసరము వచ్చుచున్నది. సాయంకాలము పనివారు వెళ్ళుటకు ముందు ఇంటివారు ఒకసారి గదిలో నిలిచి, వెలుతురు ప్రక్కనుండి పడునట్లు దీపము పట్టి చూచుకొనుట మంచి అలవాటు.

కొన్నాళ్ళ తర్వాత గోడపై తెలుపు కనిపించినచో అది ఏ జాతి తెలుపో మొదట గుర్తింపవలెను. ఈ తెలుపులు మూడు విధములు. వ్యాధిని గుర్తింపక మందు వేయుట ఎట్లో, తెలుపును గుర్తింపక కడుగుటయు అట్లే.

మొదటిది సిమెంటు పొర. ఇది పని జరిగిన నాటినుండియే ఉండును. టైలు ముఖమంతయు మసకగా పరచుకొనును. నీటితో తడిపినప్పుడు కనపడక, ఆరగానే మరల కనిపించును. దీనిని ఒకసారి బాగుగా తీసివేసినచో తిరిగి రాదు.

రెండవది లోపలినుండి వచ్చు తెలుపు. సిమెంటులోని సున్నము నీటిలో కరిగి, సందు వెంబడి పైకి వచ్చి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లని బూజువలె గట్టిపడును. మన నేలలలో చౌడు పొంగుటకును దీనికిని పోలిక కలదు. ఇది సందు గీతలమీదనే కనిపించును. పొడి బ్రష్షుతో రాల్చినను కొన్నాళ్ళకు మరల వచ్చుచుండును. కొత్త పనిలో ఒకటి రెండుసార్లు వచ్చి ఆగిపోయినచో భయము లేదు. మాసముల తరబడి ఒకే చోట వచ్చుచున్నచో టైలు వెనుక నీరు చేరుచున్నదని గ్రహింపవలెను. అది శుభ్రపరచుటతో తీరునది కాదు.

మూడవది పైనుండి వచ్చు తెలుపు. బోరుబావి నీరు కఠినజలమైనచో షవరు చిల్లులచుట్టును, కుళాయి క్రిందను, నీరు జారు దారులవెంటను తెల్లని గరుకు పెంకు కట్టును. హైదరాబాదు పేటలలోను, మెట్టప్రాంతపు గ్రామములలోను బోరునీటితో కాపురము చేయువారికి ఇది నిత్యపరిచితము. దీనికి గ్రౌటు కారణము కాదు, నీరే కారణము. స్నానానంతరము గోడను పొడిగా తుడుచుటకంటె దీనికి వేరు మందు లేదు.

మొదటి విధమైన పొరను తీయుటకు ఒక క్రమము కలదు. ముందు గోరువెచ్చని నీరు, మెత్తని గుడ్డ. అది చాలనిచో నైలాను పీచు. ఇనుప పీచు కూడదు. దాని తునుకలు సందులో మిగిలి తుప్పు మరకలగును. అప్పటికిని పోనిచో గ్రౌటు పొరకై ప్రత్యేకముగా అమ్ము సల్ఫామిక్ ఆమ్లమువంటి తేలిక ద్రావణమును, డబ్బాపై చెప్పిన పాళ్ళలో నీటిలో కలిపి వాడవచ్చును. ఐతే సందులు నింపి కనీసము 10 దినములు గడచియుండవలెను. పూయుటకు ముందు సందులను శుభ్రమైన నీటితో బాగుగా తడుపవలెను. ముందే నీటితో నిండిన రంధ్రములలోనికి ఆమ్లము చొరదు. ఒక మూల చిన్నచోట పరీక్షించి, తర్వాత కొంచెము కొంచెముగా గోడను కడిగి, వెంటనే పుష్కలమైన నీటితో జాడింపవలెను.

బజారులో చౌకగా దొరకు యాసిడ్ ఈ తేలిక ద్రావణము వంటిది కాదు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. సిమెంటు క్షారము, ఆమ్లము దానిని కరిగించును. కడిగినప్పుడు బుసబుస పొంగునదంతయు మురికియని మనము సంతోషింతుము, పొంగునది గ్రౌటే. దాని ఆవిరి సోకి కుళాయిల మెరుగు మాసి, ఉక్కు సామగ్రి తుప్పుపట్టును. మరియొక సంగతి. మన ఇండ్లలో గోడకు టైల్సు వేసి, నేలకును గట్టునకును కడప బండలో, తాండూరు బండలో, షాబాదు బండలో పరచుట వాడుక. ఇవి యన్నియు సున్నపురాళ్ళ జాతివి. చలువరాయియు అట్టిదే. వీటిపై యాసిడ్ పడినచో, తుదకు నిమ్మరసమో వినిగరో పడినను, మెరుగు పోయి శాశ్వతమైన మచ్చ మిగులును. గోడ కడిగిన యాసిడ్ జారి నేల చేరునని మరువరాదు.

రాయి చెడినచో మార్చుకొనవచ్చును. మనిషి ఊపిరితిత్తులు మార్చుకొనుటకు వీలుకావు. గాలి ఆడని చిన్న గదిలో కూర్చుండి, ముక్కుకు కొంగు అడ్డము పెట్టుకొని, ఒట్టి చేతులతో యాసిడ్‌తో రుద్దువారు తరచుగా మేస్త్రీవెంట వచ్చిన కూలి స్త్రీయో, పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడో. తడి సిమెంటుకూడ చర్మమును తినివేయు తీవ్రమైన క్షారమే. సాయంకాలమునకు వారి వ్రేళ్ళ సందులలో పుండ్లు పడుట మనము చూచుచునే యున్నాము. రబ్బరు చేతితొడుగులు, కంటికి అద్దాలు, తలుపు కిటికీలు తెరచి ఒక ఫ్యాను, వీటికగు వ్యయము గోడకు వేసిన ఒకటి రెండు టైల్సు వెలను మించదు. ఇంటి యజమాని వీటిని తానుగా తెచ్చి యిచ్చినచో పనివారు కాదనరు. అడుగుటకు వారు సంకోచింతురు. ఇచ్చుటకు మనకు సంకోచమెందులకు?

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి కలదు. బ్లీచింగు పొడినిగాని, బ్లీచింగు ద్రావణమునుగాని యాసిడ్‌తో ఎన్నడును కలుపరాదు. ఒకదానితో కడిగిన వెంటనే జాడింపక రెండవది పోయుటయు కలుపుటయే. ఈ రెండును కలిసినచో క్లోరిన్ వాయువు వెలువడును. 1915 ఏప్రిల్ 22న బెల్జియము దేశములో ఈప్రె యుద్ధరంగమున జర్మనులు శత్రుసైనికులపై వదలినది ఈ వాయువునే. మూసిన స్నానపుగదిలో కొద్ది నిమిషములలో అది ప్రాణాపాయము కలిగింపగలదు. ఘాటైన వాసన తగిలి కండ్లు మండినచో డబ్బాలు సర్దుటకు ఆగక, ముందు గదిని విడిచి వెలుపలి గాలిలోనికి పోవలెను. ఈ మాట ఇంటిలో పనిచేయు ప్రతివారికి, అక్షరములు చదువలేనివారికి ముఖ్యముగా, నోటితో చెప్పియుంచవలెను.

ఇక రక్షణపూతను గురించి. దుకాణములలో దీనిని సీలరు అని అమ్ముదురు. ఇవి రెండు జాతులు. ఒకటి పైన పొరగా ఏర్పడునది. ఇది వార్నీషు వంటిది. రెండవది రంధ్రములలోనికి ఇంకి, వాటి గోడలకు పట్టి, నీటిని తిరస్కరించునది. తామరాకు నీటిని అంటనీయదు; ఈ రెండవ పూత గుణము అట్టిదే. సైలేను, సైలాక్సేను అను పదార్థములతో చేసినవి ఈ జాతివి. నిత్యము నీరు పడు షవరు గోడకు ఇంకు జాతియే మేలు. పైపొర జాతి పూసినచో లోపల చిక్కిన చెమ్మ వెలికి రాలేక, పొర తెల్లబారి పెచ్చులుగా లేచును. నేలమీద పూసినచో జారుడుకూడ కలుగవచ్చును. వృద్ధులున్న యింటిలో ఇది అల్పవిషయము కాదు.

ఎపాక్సీ గ్రౌటు వేసినవారికి ఈ పూతతో పనిలేదు. అది సిమెంటు కాదు. రెండు పాళ్ళుగా వచ్చి కలిసినప్పుడు గట్టిపడు ఒక కృత్రిమ జిగురు. దానిలోనికి నీరు ఇంకదు. దాని చిక్కు వేరు. అది టైలుమీద గట్టిపడినచో తీయుట బహుకష్టము. కావున పచ్చిగానున్నప్పుడే తుడువవలెను. గట్టిపడకముందు అది చర్మమునకు తగిలి కొందరికి తీరని దురదలు తెచ్చును. చేతితొడుగులు అచ్చటను అవసరమే. ఒట్టి తెల్ల సిమెంటును నీటితో కలిపి సందులలో పూయుట మన యూళ్ళలో ఇంకను ఉన్నది. ఇసుక లేని సిమెంటు ఆరునప్పుడు కుంచించుకొని వెంట్రుకవాసి పగుళ్ళు పడును. ఏ పూతయు ఆ పగుళ్ళను మూయదు. మూడు మిల్లీమీటర్లకు మించిన సందులకు ఇసుక కలిసిన గ్రౌటు, సన్నని సందులకు ఇసుక లేక గ్రౌటుగానే తయారుచేసి అమ్ము పొడి వాడుట క్షేమము.

పూత ఎప్పుడు పూయవలెను? సిమెంటు పరిణామము ముగియుటకు పట్టు 28 దినములు ఆగుట పాత నియమము. కొన్ని కొత్త పూతలు మూడు దినములకే పూయవచ్చునని వాటి డబ్బాలపై వ్రాసియుండును. డబ్బాపై ఉన్న మాటను పాటింపవలెను. సందేహమున్నచో ఎక్కువ దినములు ఆగుటవలన నష్టము లేదు. ఐతే సందులు శుభ్రముగాను పొడిగాను ఉండుట తప్పనిసరి. మురికి సందుకు పూసిన పూత మురికిని లోపల భద్రపరచును. పూతకు ముందు ఒకటి రెండు దినములు గదిలో నీరు వాడక తలుపు తెరచి ఉంచవలెను.

పూయు విధము ఇది. కిటికీ తెరచి ఫ్యాను పెట్టవలెను. పూత నూనెజాతి ద్రావకముతో చేసినదైనచో దగ్గరలో దీపము, అగరువత్తి, మంటతో పనిచేయు గ్యాసు గీజరు ఉండరాదు. నీటితో చేసిన పూతలకు ఈ భయము లేదు. సన్నని బ్రష్షుతో పైనుండి క్రిందికి, ఒక్కొక్క సందును తడియునట్లు పూయవలెను. ఐదు పది నిమిషములు ఇంకనిచ్చి, టైలుమీద మిగిలినదానిని పూర్తిగా ఆరకముందే పొడిగుడ్డతో తుడిచివేయవలెను. ఆరిన తర్వాత అది జిడ్డుగా పట్టుకొని వదలదు. కావున గదినంతను ఒక్కసారిగా పూయక, రెండు మూడు చదరపు అడుగుల చొప్పున ముగించుకొనుచు పోవుట తెలివి. మొదటి పూత ఇంకిన పిమ్మట రెండవది పూయవచ్చును. తర్వాత డబ్బాపై చెప్పినంతకాలము, సాధారణముగా ఒకటి నుండి మూడు దినములు, నీరు తగులనీయరాదు.

ఫలితము చూచుటకు ఏ యంత్రమును అక్కరలేదు. సందుపై నాలుగు నీటిచుక్కలు వేసి ఐదు నిమిషములు చూడవలెను. చుక్క ముత్యమువలె నిలిచినచో పూత పనిచేయుచున్నది. చుక్క ఇంకి సందు నల్లబడినచో మరియొక పూత కావలెను. ఏటికి ఒకసారి, సంక్రాంతికి ఇల్లు దులుపునప్పుడో ఉగాదికి సున్నము వేయునప్పుడో, ఈ పరీక్ష చేసికొన్నచో ఎప్పుడు మరల పూయవలెనో గోడయే చెప్పును.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఈ పూత మరకలను ఆపును, నీటి ఇంకుడును తగ్గించును. ఇంటిని కారకుండ కాపాడు కవచము మాత్రము కాదు. ఆ కవచము టైల్సు క్రింద, గోడకును నేలకును ముందుగా వేసిన జలనిరోధపు పొర. టైల్సు వేయకముందే కాలువ తూము మూసి, నేలమీద నీరు నిలిపి, 24 గంటలు ఉంచి, క్రింది కప్పును పరీక్షింపవలెను. ఆ ఒక్క దినపు పరీక్ష జరుగని గదిని తర్వాత ఎన్ని డబ్బాల పూతయు రక్షింపదు. మన పద్ధతిలో స్నానపుగది క్రింద స్లాబును లోతుగా దించి ఇటుకముక్కలతో నింపుదురు. పొర సరిగా లేనిచో ఆ గుంటలో నీరు నిలిచి, మెల్లమెల్లగా క్రింది యింటివారి కప్పును చెమర్చును. పై యింటివారు సందులకు మరల మరల పూతలు పూయించుచుందురు. క్రింది యింటివారు కప్పుకు మరల మరల రంగులు వేయించుచుందురు. చిరకాలపు ఇరుగుపొరుగుల నడుమ మాటలు నిలిచిపోవును. అట్టి చోట పూతపై వ్యయము మాని, నేల త్రవ్వి పొర వేయించుటయే న్యాయము.

గోడ నేలను కలియు చోటను, రెండు గోడలు కలియు మూలను గ్రౌటుతో నింపరాదు. గోడయు నేలయు వేడికి, చలికి, బరువుకు వేర్వేరుగా కదలును. గట్టి గ్రౌటు ఆ కదలికకు చీలును. అచ్చట సాగెడు సిలికాను నింపవలెను. కుళాయి గొట్టము గోడను దాటు చోటను అంతే. మూల చీలినదని మరల సిమెంటు పూయుట చినిగిన చొక్కాకు మైదా జిగురు అంటించుట వంటిది.

నిత్యసంరక్షణమునకు పెద్ద శ్రమ లేదు. స్నానము ముగిసిన తర్వాత రబ్బరు పట్టీతో గోడమీది నీటిని క్రిందికి లాగివేయుట అరనిమిషపు పని. తలుపు కొంచెము తెరచి గాలి ఆడనీయవలెను. సందులలో నల్లబూజు పెరుగుటకు తడియు, సబ్బుజిడ్డును కావలెను. ఒకటి లేనిచో రెండవదానితో అది బ్రదుకలేదు. వారమున కొకసారి గాఢత లేని సబ్బునీటితో మెత్తని బ్రష్షు వాడి కడిగినచో చాలును. అడపాదడపా బూజు కనిపించినచో పలుచని బ్లీచింగు ద్రావణమును, విడిగా, గాలి ఆడునట్లు వాడి, బాగుగా జాడింపవచ్చును. రంగు గ్రౌటు ఐనచో రంగు వెలయునని ముందే తెలిసికొనవలెను. యాసిడ్ డబ్బా ఇంటిలో ఉండనవసరము లేదు. పిల్లలు తిరుగు ఇంటిలో అది లేకుండుటయే ఒక రక్షణ.

చెప్పినదంతయు సంగ్రహించినచో ఇంతే. ముద్దలో నీరు మితముగా కలుపుట, ఆనాడే తుడుచుట, కొన్నాళ్ళు చెమ్మ నిలుపుట, ఆపై కొన్నాళ్ళు ఆరనిచ్చుట, తేలికగా కడుగుట, తగిన పూత పూయుట. వీటిలో ఖర్చుతో కూడినవి తక్కువ, ఓపికతో కూడినవి ఎక్కువ. మన తరములో ఇల్లు కట్టుకొనుట సామాన్యమైన పని కాదు. ఇరువదేండ్ల ఋణము తలనెత్తుకొని కట్టుకొన్న యింటిలో తొలివారమున చూపు తొందర, ఆ యిరువదేండ్లును మనలను వెంటాడును. మేస్త్రీ పని ముగించి లెక్క చూచుకొను నాడు, ఇంకెన్ని దినములు ఈ గదిని వాడకుండ ఉంచవలెనని అతనిని అడుగుడు. అట్లడిగిన యజమానికి మేస్త్రీ నిజమే చెప్పును. ఇన్నాళ్ళుగా అతనిని మనము అడిగిన ప్రశ్న వేరు. ఎప్పటికి ముగించెదవని మాత్రమే అడుగుచు వచ్చితిమి.